అంచులో ఉన్న అంకె: సైడ్‌కట్ రేడియస్ చూసి స్నోబోర్డు, స్ప్లిట్‌బోర్డు ఎంచుకోవడం ఎలా

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో స్నోబోర్డింగ్ మొదలుపెట్టినవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. స్నోక్వాల్మీ పాస్ గంట దూరం, సాయంత్రం లైట్ల వెలుగులో కూడా లిఫ్టులు నడుస్తాయి, పని అయ్యాక కూడా వెళ్ళొచ్చు. నవంబరు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న: "ఏ బోర్డు కొనాలి?" జవాబులన్నీ పొడవు గురించి, బ్రాండు గురించి, సేల్ గురించి ఉంటాయి. స్పెక్ టేబుల్‌లో మీటర్లలో రాసి ఉండే అంకె, 7.2 అనో 8.4 అనో, దాని జోలికి ఎవరూ పోరు. అదే సైడ్‌కట్ రేడియస్. బోర్డు ఎలా తిరగాలనుకుంటుందో చెప్పే అంకె అది.

నేను మొదట కొన్నది ఒక సెకండ్‌హ్యాండ్ బోర్డు. 162 సెంటీమీటర్లు, గట్టిది, రేడియస్ 9 మీటర్లకి పైనే. అప్పుడు నా బరువు 64 కిలోలు. సీజన్ మొత్తం ఎడ్జ్ మీదకి, అంటే బోర్డు పక్కనున్న స్టీలు అంచు మీదకి, ఎక్కిస్తే అది నేరుగా పోయేది, మలుపు కోసం వెనక కాలితో తోసి తోసి తొడలు పట్టేసేవి. నాకు చేతకావట్లేదనే అనుకున్నాను. మార్చిలో ఒక స్నేహితుడు తన 154 ఇచ్చాడు, రేడియస్ 7.3. మూడో మలుపుకే అర్థమైంది, ఇన్నాళ్ళూ తప్పు నా కాళ్ళది కాదని. మీకు అలా ఒక సీజన్ వృథా కాకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి అడుగు: ఆ అంకె ఏమిటో చేత్తో చూడండి

పైనుంచి చూస్తే బోర్డు ఢమరుకంలా ఉంటుంది. రెండు చివర్లు వెడల్పు, నడుము సన్నం. ఆ పక్క వంపే సైడ్‌కట్. అది ఒక పెద్ద వృత్తంలో చిన్న ముక్క, ఆ వృత్తం వ్యాసార్థమే రేడియస్. పెరట్లో మేకు పాతి, దానికి 8 మీటర్ల తాడు కట్టి, చివర సుద్దముక్క పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ గీత గీయండి. ఆ గీతలో ఒక 120 సెంటీమీటర్ల ముక్క తీసుకుంటే, అదే 8 మీటర్ల రేడియస్ ఉన్న బోర్డు అంచు. తాడు పొట్టిదైతే వంపు లోతు, పొడుగుదైతే అంచు దాదాపు తిన్నగా ఉంటుంది.

ఆ వంపు బోర్డుని ఎలా తిప్పుతుందో తెలియాలంటే ఇంట్లో పాత శుభలేఖ ఒకటి తీయండి. పొడుగు అంచులో మధ్యకి వచ్చేసరికి అర సెంటీమీటరు లోతు ఉండేలా వంపుగా కత్తిరించండి. ఆ అంచుని బల్లకి ఆనించి అట్టని ఒక పక్కకి ఒరగబెట్టండి. రెండు మూలలే బల్లని తాకుతాయి, మధ్యలో సందు కనిపిస్తుంది. ఇప్పుడు వేలితో మధ్యలో నొక్కితే అట్ట వంగి అంచంతా బల్లకి ఆనుతుంది, బల్ల మీద ఒక వంపు గీత ఏర్పడుతుంది. ఇంకా ఒరగబెట్టి నొక్కితే గీత ఇంకా బిగుసుకుంటుంది. మంచు మీద బోర్డు చేసేది సరిగ్గా ఇదే. వేలి బదులు మీ బరువు ఉంటుంది, అంతే.

ఇందులోంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, రేడియస్ 8 అంటే ప్రతి మలుపూ 8 మీటర్లే అని కాదు. మంచు మీద బోర్డు ఎంత ఒరిగితే మలుపు అంత చిన్నదవుతుంది. గట్టి మంచు మీద 8 మీటర్ల బోర్డుని 30 డిగ్రీలు ఒరిపితే మలుపు సుమారు 6.9 మీటర్లు, 45 డిగ్రీలకి 5.7, 60 డిగ్రీలకి సగం, అంటే 4 మీటర్లు. లెక్క ఇష్టమున్నవాళ్ళకి: రేడియస్‌ని ఒరిగిన కోణం కొసైన్‌తో గుణించడమే.

రెండోది, చాలామంది మర్చిపోయేది: బోర్డు వంగితేనే ఇదంతా జరుగుతుంది. అట్ట బదులు చెక్క పలక అయితే మీ వేలికి వంగదు. నా 162తో అయింది అదే. కాబట్టి రేడియస్‌ని ఎప్పుడూ మీ బరువుతో, బోర్డు గట్టిదనంతో కలిపి చూడండి. 60, 65 కిలోల మనిషికి 9 మీటర్ల గట్టి బోర్డు ఇస్తే అది ఆ మనిషికి తిరగదు. 90 కిలోల మనిషి అదే బోర్డుని హాయిగా తిప్పుతాడు.

రెండో అడుగు: మీరు నిజంగా ఏ వేగంతో తిరుగుతారో తెలుసుకోండి

ఫోన్ యాప్ రోజు చివర 58 కిలోమీటర్ల వేగం అని చూపిస్తే అందరికీ సంతోషమే. బోర్డు ఎంపికకి ఆ అంకె పనికిరాదు. అది లిఫ్టు వైపు నేరుగా దూసుకుపోయిన క్షణంలోది. మనకి కావలసింది మలుపు మధ్యలో మీ వేగం.

ఇక్కడ ఒక లెక్క ఉంది, నాకు ఎంతో ఉపయోగపడింది. అంచు ఏమాత్రం జారకుండా, సన్నటి గీత గీస్తూ తిరగడాన్ని కార్వింగ్ అంటారు. వేగం పెరిగేకొద్దీ నిలదొక్కుకోవడానికి మనం ఎక్కువ ఒరగాలి. ఎక్కువ ఒరిగితే మలుపు ఇంకా చిన్నదవుతుంది. చిన్న మలుపులో బయటికి లాగే బలం ఇంకా పెరుగుతుంది, దానికి ఇంకా ఒరగాలి. ఈ పోటీ ఒక వేగం దగ్గర ఆగిపోతుంది, ఆపైన శుద్ధమైన కార్వింగ్ కుదరదు. ఆ వేగం కావాలంటే రేడియస్‌ని 9.8తో గుణించి వర్గమూలం తీసి, వచ్చినదాన్ని 3.6తో గుణించండి. 6.5 మీటర్ల బోర్డుకి గంటకి సుమారు 29 కిలోమీటర్లు, 8 మీటర్లకి 32, 10 మీటర్లకి 36 వస్తాయి.

ఇది చదునైన నేల మీద, ఒళ్ళంతా ఒకే గీతలా ఒరుగుతుందనుకుని వేసిన లెక్క. నిజం కొండ మీద వాలు, నడుము వంచడం, మంచు మెత్తదనం అన్నీ కలిసి దీన్ని అటూ ఇటూ జరుపుతాయి. అయినా అసలు విషయం మారదు: చిన్న రేడియస్ బోర్డు మీద వేగం పెంచితే అది మిమ్మల్ని మలుపులోకి గుంజుతుంది, మీరు వద్దన్నా ఎడ్జ్ పట్టేస్తుంది, లేదా వదిలేసి జారుతుంది. ఇక్కడి రైడర్లు ఆ గుంజుడుని 'హుకీ' అంటారు. ఇంకో సంగతి గమనించండి. రేడియస్ 6.5 నుంచి 10కి పెరిగితే వేగం పెరిగింది 7 కిలోమీటర్లే. అంటే 7.8కీ 7.9కీ తేడా వెతుక్కుంటూ రాత్రిళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. అర మీటరు తేడా ఉంటేనే చాలామంది కాళ్ళకి తెలుస్తుంది.

మీ స్థాయి తెలుసుకోవడానికి యాప్ కన్నా మంచి సాక్షి మీ జాడ. పొద్దున్నే గ్రూమింగ్ చేసిన, అంటే యంత్రంతో చదును చేసిన వాలు మీద, లిఫ్టు కింద పడే దారిలో దిగండి. తర్వాత లిఫ్టు ఎక్కి పైనుంచి మీ గీత చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నగా ఉంటే మీరు కార్వ్ చేస్తున్నారు, రేడియస్ తేడా మీకు బాగా తెలుస్తుంది. చీపురుతో ఊడ్చినట్టు వెడల్పుగా ఉంటే మీరింకా స్కిడ్ చేస్తూ, అంటే బోర్డుని పక్కకి జారుస్తూ తిరుగుతున్నారు. అందులో చిన్నతనమేమీ లేదు, అందరూ అక్కడినుంచే వస్తారు. ఆ దశలో సులువుగా మలుపులోకి దిగే మధ్యస్థ రేడియస్, కాస్త మెత్తటి బోర్డు మీకు మేలు చేస్తాయి.

మూడో అడుగు: మీ శ్రేణి ఎంచుకోండి

పెద్దవాళ్ళ బోర్డులకి ఉజ్జాయింపుగా ఇలా అనుకోండి. 6.5 నుంచి 7.5 మీటర్లు: తేలికైన మనుషులు, నేర్చుకునేవాళ్ళు, చిన్న కొండలు, ఇరుకు దారులు, చెట్ల మధ్య గబగబా తిరగడం. 7.5 నుంచి 8.5: అన్నిటికీ పనికొచ్చే బోర్డు, మొదటిసారి కొనేవాళ్ళలో సగటు బరువున్నవాళ్ళు ఇక్కడ ఆగొచ్చు. 8.5 నుంచి 10: వెడల్పైన వాలులు, వేగం, బరువైన రైడర్లు, ఆఫ్-పిస్ట్ (చదును చేయని మంచులో) ఎక్కువగా తిరిగేవాళ్ళు. 10 దాటితే పెద్ద కార్వ్‌ల కోసం చేసినవి, రేసు బోర్డులు. వాటికి ఖాళీ వాలు కావాలి, శనివారం మధ్యాహ్నం స్నోక్వాల్మీ జనంలో వాటితో తిరగడం ప్రమాదం.

ఒకే మోడల్‌లో కూడా పొడవుతో పాటు రేడియస్ మారుతుంది. 150 సైజుది 7.2 అయితే 162 సైజుది 8కి దగ్గరగా ఉండొచ్చు. రివ్యూలో ఎవరో "ఈ బోర్డు మహా చురుకు" అని రాస్తే ఆయన ఏ సైజు నడిపాడో చూడండి. మీ సైజు వరుసలో ఉన్న అంకే మీది.

కొండ ఎలాంటిదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మా కాస్కేడ్ పర్వతాల మంచు తడిగా, బరువుగా ఉంటుంది, ఇక్కడివాళ్ళు దాన్ని కాంక్రీటు అంటారు. మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998-99 సీజన్‌లో 1,140 అంగుళాల మంచు పడింది, అంటే దాదాపు 29 మీటర్లు, ప్రపంచ రికార్డు. ఇలాంటి మంచులో, ముఖ్యంగా పైపొర గడ్డకట్టి కింద మెత్తగా ఉన్నప్పుడు, లోతైన సైడ్‌కట్ ముందు చివర పట్టుకుని గుంజుతుంది. లోతైన పౌడర్‌లో (కొత్తగా పడ్డ పొడిలాంటి మంచులో) అయితే రేడియస్‌కి ప్రాధాన్యం తగ్గిపోతుంది. అక్కడ తేలడానికి నోస్ (ముందు చివర) వెడల్పు, రాకర్ (చివర్లు పైకి లేచే ఒంపు), టేపర్ (నోస్ కన్నా టెయిల్, అంటే వెనక చివర, సన్నగా ఉండటం) చూడాలి. ఇండియా నుంచి గుల్‌మార్గ్ వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకి చేరాక కింద ఉండేది గ్రూమింగ్ చేయని వాలు. అక్కడ 8 దాటిన రేడియస్, వెడల్పాటి నోస్ ఉన్న బోర్డు అద్దెకి దొరికితే అదే తీసుకోండి.

నాలుగో అడుగు: అంకె ఇవ్వకపోతే దారంతో కొలవండి

సెకండ్‌హ్యాండ్ బోర్డుల మీద స్టిక్కర్ చెరిగిపోయి ఉంటుంది, అమ్మేవాళ్ళకి మోడల్ సంవత్సరం కూడా గుర్తుండదు. కావలసినవి గట్టి దారం, మాస్కింగ్ టేపు, స్టీలు స్కేలు. పది నిమిషాల పని.

బోర్డుని నేల మీద బేస్ కిందకి ఉండేలా పెట్టండి. ఒక పక్క అంచులో నోస్ దగ్గర బాగా వెడల్పైన చోటు వెతకండి. కంటికి సరిగ్గా తెలియదు కాబట్టి చదునైన కర్ర గానీ పొడవాటి స్కేలు గానీ ఆ పక్కన ఆనిస్తే అది తాకే రెండు బిందువులే మీకు కావలసినవి. వాటి మీద టేపు ముక్కలు అంటించి గుర్తు పెట్టండి. దారాన్ని ఒక గుర్తు నుంచి రెండో గుర్తుకి బిగువుగా లాగి అంటించండి. వదులుగా ఉంటే లెక్క మొత్తం పోతుంది, వేలితో మీటితే వీణ తీగలా మోగాలి. ఇప్పుడు నడుము దగ్గర, అంచుకీ దారానికీ మధ్య సందు ఎక్కడ ఎక్కువుందో అక్కడ స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో చదవండి. వంగి, కన్ను నేరుగా స్కేలు పైన ఉంచి చూడండి, పక్కనుంచి చూస్తే ఒక మిల్లీమీటరు తప్పు వస్తుంది.

రెండు గుర్తుల మధ్య దూరం 1,200 మిల్లీమీటర్లు, సందు 22 అనుకుందాం. దూరాన్ని దానితోనే గుణించండి: 14,40,000. సందుని 8తో గుణించండి: 176. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 8,182 మిల్లీమీటర్లు, అంటే 8.2 మీటర్లు. సందు 22 బదులు 21 అని చదివితే జవాబు 8.6 అయిపోతుంది. ఒక్క మిల్లీమీటరుకి 40 సెంటీమీటర్ల తేడా. అందుకే మూడుసార్లు కొలిచి సగటు తీయమంటాను. రెండో పక్క కూడా కొలవండి. రెండు పక్కలకీ పొంతన లేకపోతే ఆ అంచుని ఎవరో ఇష్టమొచ్చినట్టు రుద్దేశారేమో చూసి, అనుమానముంటే వదిలేయండి.

కొత్త బోర్డుల్లో కొన్నిటికి 9/7.5/8.5 లాగా మూడు అంకెలు ఉంటాయి. అంచు పొడవునా వంపు ఒకటే కాదని దాని అర్థం. చివర్ల దగ్గర అంకె పెద్దదైతే మలుపులోకి మెల్లగా దిగుతుంది, మెల్లగా వదులుతుంది. దారం పద్ధతిలో వచ్చేది వీటి సగటులాంటిది, పోల్చుకోవడానికి అది చాలు. లిబ్ టెక్, గ్ను బోర్డుల అంచుకి అలల్లాంటి మెలికలు ఉంటాయి. అవి ఐస్ మీద పట్టు కోసం, మొత్తం వంపుని మార్చవు.

ఐదో అడుగు: స్ప్లిట్‌బోర్డు అయితే ముందు ఎక్కుడు గురించి ఆలోచించండి

ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. మామూలు బోర్డుకి ఎంచుకున్న రేడియస్‌నే స్ప్లిట్‌కి ఎంచుకోవద్దు.

స్ప్లిట్‌బోర్డు నిలువునా రెండు ముక్కలవుతుంది. రెండు స్కీల్లా కాళ్ళకి తగిలించుకుని, కింద స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టే గుడ్డ పట్టీలు) అంటించి కొండ ఎక్కుతాం, పైన కలిపి బోర్డు చేసి దిగుతాం. యూటాలోని వొయిలే కంపెనీ 1990లలో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. రోజులో ఎక్కువ సమయం పోయేది ఎక్కడంలో. నాలుగు గంటలు ఎక్కి ముప్పావు గంటలో దిగిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అంటే ఈ బోర్డు ఎక్కువసేపు స్కీగానే బతుకుతుంది.

ప్రతి ముక్కకీ ఒక అంచు వంపు, ఒక అంచు తిన్నన. వాలుకి అడ్డంగా నడిచేటప్పుడు రెండు కాళ్ళకీ కొండవైపు అంచే పట్టుకోవాలి. ముక్కలని ఎలా తగిలించుకున్నా, ఒక కాలికి అది తిన్నని అంచు, రెండో కాలికి వంపు అంచు అవుతుంది. నా మొదటి స్ప్లిట్ రేడియస్ 7.2. ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున, రాత్రి గడ్డకట్టిన వాలు మీద అడ్డంగా పోతున్నాను. కుడి కాలు కింద కిరకిరమని శబ్దం వచ్చింది. హెడ్‌ల్యాంపు వెలుగులో చూస్తే స్కీ ముందు చివర, వెనక చివర మంచుని పట్టుకున్నాయి, సరిగ్గా నా బూటు కింద అంచుకీ మంచుకీ మధ్య వేలు దూరేంత సందు. నా బరువంతా ఎక్కడ ఉందో అక్కడే పట్టు లేదు. శుభలేఖలో చూసిన సందే అది. స్కీ ముక్క అంత గట్టి మంచులో వంగి ఆ సందుని పూడ్చదు. మరుక్షణం కాలు జారింది, కింద పొద ఉండబట్టి ఆగాను.

అందుకే స్ప్లిట్‌కి మీ మామూలు బోర్డు కన్నా అర మీటరు నుంచి ఒక మీటరు పెద్ద రేడియస్ తీసుకోండి. రిసార్ట్‌లో 7.6 నడిపేవాళ్ళు స్ప్లిట్‌లో 8.2, 8.5 చూడండి. దిగేటప్పుడు కొంచెం తక్కువ చురుగ్గా ఉంటుంది, నిజమే. అలిసిన కాళ్ళతో, ఎవరూ తొక్కని మంచులో, నెమ్మదిగా స్పందించే బోర్డే నయం. మౌంట్ సెయింట్ హెలెన్స్ మీద వర్మ్ ఫ్లోస్ దారిలో సుమారు 1,700 మీటర్లు ఎక్కాలి. అలాంటి వసంతకాలపు ఎక్కుళ్ళకి స్కీ క్రాంపాన్లు (ఐస్‌లో దిగే లోహపు పళ్ళు) కూడా కొనండి, ఎంత మంచి రేడియస్ అయినా ఐస్ మీద వాటికి సాటిరాదు.

స్కిన్స్ ఖర్చు కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. స్కిన్‌ని ముక్క ఆకారానికే కత్తిరిస్తారు, స్టీలు ఎడ్జ్ బయట కనిపించేలా. పాత బోర్డు స్కిన్స్‌ని వేరే రేడియస్ ఉన్న కొత్త బోర్డుకి అంటిస్తే నడుము దగ్గర ఎడ్జ్‌ని కప్పేయొచ్చు, లేదా చివర్ల దగ్గర బేస్ బయటపడొచ్చు. మొదటిది మరీ చెడ్డది, బూటు కింద పట్టు పూర్తిగా పోతుంది. కొత్త స్ప్లిట్ బడ్జెట్‌లో కొత్త స్కిన్స్ కలిపే లెక్కవేయండి. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికే సిగ్నల్ పరికరం), షవెల్ (పార), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కర్ర), అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) గురించి క్లాసు వీటన్నిటికన్నా ముందు రావాలి. మా వైపు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ హెచ్చరికలు చూడకుండా ఎవరూ బయల్దేరకూడదు.

ఆరో అడుగు: కొనేముందు నడిపి చూడండి

అద్దె షాపులోనో డెమో రోజునో రెండు బోర్డులు తీసుకోండి, రేడియస్ తేడా అర మీటరుకి తగ్గకుండా. అన్నిటికన్నా సులువైన, వెడల్పైన గ్రీన్ రన్‌కి వెళ్ళండి. వెనకా పైనా ఎవరూ లేరని చూసుకుని, నెమ్మది వేగంలో బోర్డుని ఎడ్జ్ మీదకి ఒరిపి, ఇక ఏమీ చేయకండి. తోయొద్దు, భుజాలు తిప్పొద్దు. అది తనంతట తాను ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. గుండ్రంగా తిరిగి పైకి చూస్తూ ఆగితే అది మీ బరువుకి వంగుతోంది. నేరుగా పోతూనే ఉంటే మీకు మరీ గట్టిది లేదా రేడియస్ మరీ పెద్దది. తర్వాత బ్లూ రన్‌లో (మధ్యస్థ వాలులో) మీ మామూలు వేగానికి వెళ్ళండి. నేరుగా పోవాలనుకున్నప్పుడు కూడా ముందు చివర అటూ ఇటూ గుంజుతుంటే రేడియస్ మీ వేగానికి చిన్నది.

తీర్పు చెప్పేముందు ఎడ్జ్ చూడండి. కొత్త బోర్డుల ఎడ్జ్ చివరిదాకా పదునుగా ఉంటే ఎంత పెద్ద రేడియస్ అయినా హుకీగా అనిపిస్తుంది. నోస్, టెయిల్ దగ్గర వెడల్పైన చోటు దాటాక ఎడ్జ్‌ని గమ్మీ స్టోన్ అనే రబ్బరులాంటి రాయితో రుద్ది కాస్త మొద్దు చేస్తే సగం ఫిర్యాదులు పోతాయి. బైండింగులు (బూట్లని బోర్డుకి పట్టి ఉంచేవి) సైడ్‌కట్ మధ్యభాగానికి తగ్గట్టు ఉన్నాయా అన్నది కూడా చూడండి. కంపెనీ గుర్తు పెట్టిన స్టాన్స్‌తోనే (కాళ్ళు ఉంచే చోట్లతోనే) మొదలుపెట్టండి.

స్ప్లిట్‌బోర్డులు డెమోకి దొరకడం కష్టం. దానికొక దారి ఉంది. చాలా కంపెనీలు ఒకే ఆకారాన్ని మామూలు బోర్డుగానూ స్ప్లిట్‌గానూ చేస్తాయి. జోన్స్ కంపెనీ సొల్యూషన్ వాళ్ళ ఫ్లాగ్‌షిప్‌కి స్ప్లిట్ రూపమే. మామూలు రూపాన్ని ఒకరోజు అద్దెకి తీసుకుని, పొద్దున గట్టి మంచులోనూ మధ్యాహ్నం తొక్కేసిన బరువైన మంచులోనూ నడపండి. మధ్యలో కీలు ఉండటం వల్ల స్ప్లిట్ కొంచెం వేరుగా స్పందిస్తుంది, బరువుగా కూడా ఉంటుంది. వంపు మాత్రం అదే కాబట్టి, మధ్యాహ్నం నాలుగింటికి మీ కాళ్ళు అలిసిపోయాక కూడా ఆ బోర్డు మీరు చెప్పిన చోట తిరుగుతుంటే అదే సైజు స్ప్లిట్ ఆర్డర్ చేయండి.